తలుపు మీద కాగితం తీసేశాం

మన పార్లర్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

"కరోనా టీకా రెండు డోసులు పూర్తయినవారికే ప్రవేశం" అని 2021 డిసెంబర్ నుంచి తలుపు మీద ఉన్న కాగితం ఈ సోమవారం తీసేశాం. ఇకమీదట సర్టిఫికెట్ అడగం. లోపల మాస్కు పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా అమ్మాయిలు మాత్రం థ్రెడింగ్, ఫేషియల్, మేకప్ చేసేటప్పుడు పెట్టుకునే ఉంటారు. దయచేసి తియ్యమనొద్దు.

తీసేసిన రోజే ఫోన్లు మొదలయ్యాయి. ఒకరు "ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందా అమ్మా" అన్నారు. ఇంకొకరు "మా అత్తగారికి షుగరు, ఇక మేం రాలేం" అని పెట్టేశారు. ఇద్దరూ ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ కాగితం ప్రభుత్వం పెట్టించింది కాదు. ప్రభుత్వం నుంచి గట్టిగా వచ్చింది మాస్కు రూలు. 2022 జనవరిలో మాస్కు లేకపోతే మనిషికి 100 రూపాయలు, మాస్కు లేనివాళ్లను రానిచ్చిన షాపుకి 10 వేల నుంచి 25 వేల దాకా జరిమానా అన్నారు. అంత కట్టే స్తోమత మాకు లేదు కాబట్టి మాస్కు దగ్గర మొహమాటపడకుండా అందరినీ అడిగాం. టీకా కాగితం మాత్రం మీలో కొందరు అడిగితే అంటించింది. ఒమిక్రాన్ అంటూ టీవీలు హోరెత్తిస్తున్న రోజులవి. "ఆ పార్లర్లో టీకా వేసుకోని అమ్మాయి ఉందట" అని ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ తిరిగింది. పొద్దుటి బుకింగులు పడిపోయాయి. కాగితం అంటించాక మళ్లీ వచ్చారు. దాచడానికేముంది, షాపు అద్దె కట్టాలి కదా.

ఆ మెసేజ్ నిజమే. మా దగ్గర ఒకరు టీకా వేసుకోలేదు. ఎవరో చెప్పను, ఎందుకో కూడా చెప్పను. కారణం నాకు తెలుసు, అది ఆమె ఇంటి విషయం, ఆమె ఒంటి విషయం. వేసుకోమని నేను అడిగాను, వద్దంది, అక్కడితో వదిలేశాను. ఆ నెలల్లో ఆమెను మేకప్ నుంచి తప్పించి పెడిక్యూర్‌కి మార్చాను. పెళ్లి మేకప్‌లో వచ్చే టిప్పులు పెడిక్యూర్‌లో రావు, ఆ నష్టం ఆమే భరించింది. "పంపించెయ్యొచ్చుగా" అని నాతో నేరుగా అన్నవాళ్లున్నారు. పంపను.

జనవరిలో మాకూ జ్వరాలొచ్చాయి. వచ్చినవాళ్లంతా రెండు డోసులు వేసుకున్నవాళ్లే. ఇది పట్టుకుని "చూశావా, టీకా దండగ" అనొద్దు. మేం నాలుగు రోజులు పడుకుని లేచి పనిలోకి వచ్చాం. 2021 మే నెలలో ఇదే గుంటూరులో ఆక్సిజన్ బెడ్ కోసం ఎవరెవరి కాళ్లు పట్టుకున్నామో మర్చిపోయేదాన్ని కాను. కొవిషీల్డ్ టీకా మొదటి డోసు వేయించుకుని, రెండోదానికి 84 రోజులు లెక్కపెట్టుకుంటూ ఆగినదాన్ని నేను. జబ్బు ముదరకుండా టీకా కాపాడుతుందని నమ్ముతాను. అడిగితే వేసుకోమనే చెబుతాను. కానీ వేసుకున్నవాళ్లకీ ఒమిక్రాన్ వచ్చి, వాళ్ల నుంచి పక్కవాళ్లకీ అంటుతుంటే, గుమ్మం దగ్గర ఫోన్లో సర్టిఫికెట్ చూసి లోపలికి పంపడం వల్ల ఎవరికి ధీమా?

ఈలోగా 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఇచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు జస్టిస్ నాగేశ్వరరావు గారు, ఒకప్పుడు మన గుంటూరు కోర్టులోనే ప్రాక్టీసు చేసినాయన. ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యకూడదని, మన శరీరం మీద మనకున్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పారు. కేసులు తక్కువగా ఉన్నంతకాలం టీకా వేసుకోనివాళ్లను బయట తిరగకుండా ఆపొద్దన్నారు. అదే తీర్పులో ప్రభుత్వ టీకా విధానం సబబుగానే ఉందన్నారు, మాస్కులాంటి జాగ్రత్తలకు తమ మాట వర్తించదనీ అన్నారు. మా కస్టమర్లలో సగంమంది మొదటి సగం, మిగతా సగంమంది రెండో సగం నాకు ఫార్వర్డ్ చేశారు! మొత్తం చదివాక కాగితం తీసెయ్యాలనిపించింది, మా అమ్మాయిలకు మాస్కు ఉంచాలనిపించింది.

మాస్కు ఎందుకు ఉంచుతున్నామో చూసినవాళ్లకు తెలుసు. థ్రెడింగ్‌లో దారం ఒక కొస ఇదివరకు పళ్లతో పట్టుకునేవాళ్లం. అమ్మాయి ముఖానికీ మీ ముఖానికీ మధ్య జానెడు కూడా ఉండదు. 2020లో లాక్‌డౌన్ తర్వాత తెరిచినప్పటి నుంచి మాస్కు తియ్యకుండా ఆ కొసను మెడకు వేసుకుని చెయ్యడం నేర్చుకున్నాం. మొదట్లో సాయంత్రానికి మెడ మీద ఎర్రగా గీతలు తేలేవి, కనుబొమ్మల షేపు కూడా కుదిరేది కాదు. ఇప్పుడు చెయ్యి తిరిగింది. నిజానికి కరోనా లేకపోయినా దారం నోట్లో పెట్టుకునే పద్ధతికి మళ్లీ వెళ్లను, ఇదే శుభ్రం. కాబట్టి "ఇంకా ఏంటమ్మా ఆ ముసుగు, కరోనా పోయిందిగా" అని మా పిల్లల్ని ఆటపట్టించడం ఆపండి. మాస్కుతో వచ్చే కస్టమర్లను చూసి పక్క కుర్చీలోవాళ్లు నవ్వడం కూడా నేను గమనిస్తున్నాను. వాళ్ల ఇంట్లో ఎవరికి క్యాన్సర్‌కి కీమో జరుగుతోందో మనకేం తెలుసు?

అలాంటివాళ్ల కోసం పొద్దున పది నుంచి పదకొండు దాకా వేరే టైమ్ పెట్టాం. ఆ గంటలో ఏసీ ఆపి కిటికీలు తెరుస్తాం, ఇద్దరికి మించి తీసుకోం, మాస్కు అందరికీ తప్పనిసరి. ఎండలకు ఉక్కపోస్తుంది, ముందే చెబుతున్నా. మిగతా రోజంతా ఎప్పటిలాగే.

దగ్గు, జ్వరం ఉంటే మాత్రం టీకా వేసుకున్నా వేసుకోకపోయినా రావొద్దు. మీ అడ్వాన్స్ పోదు, ఇంకో రోజుకు మారుస్తాం. మా అమ్మాయిలకు ఒంట్లో బాగోకపోతే జీతంతోనే సెలవిస్తున్నాను, కాబట్టి ఆఖరి నిమిషంలో మనిషి మారితే కోప్పడకండి.

పెళ్లివారికి ఒక మాట. మొన్న ఒక పెళ్లికూతురి తల్లిగారు మేకప్‌కి వచ్చే అందరూ బూస్టర్ సర్టిఫికెట్ చూపించాలన్నారు. 18 దాటినవాళ్లకు మూడో డోసు ప్రైవేటు ఆసుపత్రుల్లో 2022 ఏప్రిల్ 10 నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు, అదీ అప్పట్లో రెండోది వేసుకుని 9 నెలలు నిండితేనే. మా పిల్లల్లో చాలామందికి అప్పటికి నిండలేదు. నిండినా అప్పటి ధర ప్రకారం 225 రూపాయల టీకా, పైన 150 దాకా సర్వీస్ చార్జీ పెట్టి వేయించుకోవాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేశాను. వేయించుకుంటామంటే డబ్బులు నేనిస్తానన్నాను. ఆ తల్లిగారు వేరే చోటు చూసుకున్నారు, వారి భయం వారిది, తప్పుపట్టను.

జూన్ ముహూర్తాలకు ట్రయల్ మేకప్ తీసుకునేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే బుకింగ్ అప్పుడే చెప్పండి. పొద్దుటి గంటలో సర్దుతాను. ఆ టైముకి చోట్లు తక్కువ.