సభ్యత్వ చందా: ఈ విద్యా సంవత్సరం జమా ఖర్చుల వివరణ

మన టీచర్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం. చాలామంది అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాం. "నా జీతంలో పది వాయిదాలూ కట్ అయ్యాయి, మీ జమలో తొమ్మిదే ఉన్నాయేం?" కట్ అయింది నిజమే. జీతాల విభాగం వాళ్లు ఈ నెల పట్టుకున్న చందాను మాకు వచ్చే నెలలో పంపుతారు. అందుకని 183 మంది పదో వాయిదా 10,980 లెక్క ముగించిన రోజుకి బ్యాంకులో పడలేదు. రావలసిన బాకీలో చూపాం. ఖాతాలో పడనిదాన్ని జమ రాయలేం.

చందా ఏడాదికి 600, వాయిదాకి 60. మొదట్లో కోతకు సంతకం పెట్టినవారు 186 మంది. తొమ్మిది వాయిదాలకు జీతాల నుంచి వచ్చింది 99,420. జీతం లేని సెలవులో ఉన్న ఐదుగురికి రెండేసి వాయిదాలు పడలేదు, జీతమే లేకపోతే కోసేదేముంది! వారిలో ముగ్గురు తలా 120 చేతికిచ్చి రసీదు తీసుకున్నారు. మిగతా ఇద్దరి నుంచి 240 రావాలి. పాత నిల్వ 8,450 కలిపితే మొత్తం జమ 1,08,230.

ఇక మా తప్పు. ఆరో వాయిదా తర్వాత ముగ్గురు సభ్యత్వం వద్దని రాసిచ్చారు. రెండు ఉత్తరాలు వెంటనే జీతాల విభాగానికి పంపాం. మూడోది మా ఆఫీసు బల్ల సొరుగులో, పాత రసీదు పుస్తకం కింద ఉండిపోయింది. ఆ టీచరు గారు రెండు పే స్లిప్పులు తెచ్చి, చందా గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చూపిస్తే గానీ మాకు తెలియలేదు. 120 వాపసు ఇచ్చాం. జీతాల విభాగాన్ని అనడానికేం లేదు, కాగితం అందకుండా వాళ్లు కోత ఎలా ఆపుతారు? ఇప్పుడు ఏ ఉత్తరం వచ్చినా అదే రోజు తేదీ ముద్ర వేసి, ఇచ్చినవారికి నకలు ఇస్తున్నాం.

ప్రతిదానికీ సంతకాలేమిటని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. చట్టమో, యాజమాన్యంతో సంఘం చేసుకున్న సమష్టి ఒప్పందమో, మధ్యవర్తి తీర్పో అనుమతించిన మేరకే జీతంలో కోతలుండాలని, ఆ షరతులు ఉద్యోగికి తెలియాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లోనే 95వ ఒప్పందంలో రాసింది. పన్ను మనల్ని అడిగి పట్టుకోరు. చందా అలా కాదు, మీరు ఒప్పుకుంటేనే. రేపు చందా పెరిగినా పాత కాగితం చూపించి పెంచం, కొత్త సంతకం అడుగుతాం.

ఖర్చుల్లో పెద్దది మాతృసంస్థ వాటా, 49,830. వచ్చిన ప్రతి 60లో 30 అక్కడికే పోతుంది. ఇది ఎక్కువని కమిటీలోనే ఇద్దరు గట్టిగా వాదిస్తున్నారు, సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం. శిక్షణ తరగతులకు 21,600 అయింది. క్రమశిక్షణ నోటీసులు అందుకున్న ఇద్దరు సభ్యుల తరఫున లాయరు ఫీజు 12,500, వాళ్ల పేర్లు ఇక్కడ రాయం. ముద్రణ, తపాలా 4,270, ఆడిట్ 3,000, బ్యాంకు ఛార్జీలు 310, పైన చెప్పిన వాపసు 120. మొత్తం ఖర్చు 91,630. నిల్వ 16,600. అందులో 15,960 బ్యాంకులో, 640 కోశాధికారి దగ్గర ఉన్నాయి.

రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఎవరైనా చూడవచ్చు. వచ్చేటప్పుడు మీ పే స్లిప్పులు కూడా తెచ్చుకోండి, పక్కపక్కన పెట్టి సరిచూసుకుందాం. పదో వాయిదా పడిన రోజే నోటీసు బోర్డులో పెడతాం.

కమిటీ తరఫున,
కోశాధికారి