ఎన్నూరు మడ చెట్ల గురించి అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తమిళనాడు అటవీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను చెన్నైలో వృక్షశాస్త్రం చెప్పే తెలుగువాణ్ణి. ఈ లేఖ తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసే నదికి మా నగరి వైపు నుంచి కూడా నీళ్లొస్తాయి. ఉత్తర చెన్నైలో తెలుగువాళ్లం తక్కువేమీ లేం. ఎన్నూరు మడల విషయంలో మాకూ భాగముంది.

ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున మడ (మాంగ్రోవ్) మొక్కలు నాటిస్తున్నారు, సంతోషం. కేంద్రం కూడా 2023-24 బడ్జెట్‌లో మడ అడవుల పెంపకానికి మిష్టి పథకం ప్రకటించి, దాదాపు 540 చదరపు కిలోమీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. అయితే ఎన్ని మొక్కలు నాటారో చెప్పే బోర్డులు చూశాను గానీ, ఆ విత్తనం ఏ ఉప్పుటేటి నుంచి తెచ్చారో రాసిన బోర్డు నాకు ఇంతవరకూ కనబడలేదు. నా టెన్షనంతా దీని గురించే.

ఎండ బాగా కాసే రోజున ఎన్నూరులో తెల్ల మడ ఆకు ఒకటి కోసి చూడండి. ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తుంటాయి. నాలిక్కి తగిలిస్తే ఉప్పే. ఆకులో చేరిన ఉప్పులో దాదాపు 40 శాతాన్ని ఈ చెట్టు తన ఉప్పు గ్రంథుల ద్వారా బయటికి కక్కేస్తుంది. ఈ చెట్టు పూర్తి జన్యుపటాన్ని 2021లో ప్రచురించినవాళ్లు భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, మన కాట్టాంకుళత్తూరులోని ఎస్‌ఆర్‌ఎం శాస్త్రవేత్తలు. ఉప్పు తగలగానే స్పందించే జన్యువులు అందులో 3,246 అని తేల్చారు.

ఇందులో అసలు సంగతి జన్యువులు ఉండటం కాదు. సోడియాన్ని కణం బయటికి తోసేవి, కణంలో నీళ్ల సంచి లాంటి రసకోశంలోకి నెట్టి బంధించేవి వరిలోనూ ఉన్నాయి. దినుసులు అందరి వంటింట్లోనూ ఉంటాయి, ఎప్పుడు ఏది ఎంత వెయ్యాలో తెలిసిన చెయ్యి ఉండాలి కదా! మడలో ఆ పని చేసేవి నాక్, డబ్ల్యూఆర్‌కేవై, మిబ్ లాంటి నియంత్రణ ప్రోటీన్లు. ఉప్పు పెరిగిందన్న కబురు అందగానే ఒక జన్యువును లేపుతాయి, ఇంకోదాన్ని పడుకోబెడతాయి. తరమణిలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు ఎప్పుడో తెల్ల మడ జన్యువును వరిలోకి ఎక్కించి చూపించారు. మంచి పనే. కానీ ఒకటి రెండు జన్యువులతో మొత్తం నేర్పు రాదు.

మడ చెట్ల నుంచి తీసే మందుల సంగతీ ఇంతే. చిదంబరం గుడి స్థలవృక్షం తిల్ల కూడా మడల్లో పెరిగే చెట్టే. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆ పాలలోని డైటెర్పీన్లు, మడాకుల్లోని ఫ్లేవనాయిడ్లు, ఉప్పు పొన్న అనే మరో మడ చెట్టు బెరడులోని టానిన్లు, ఇవన్నీ చెట్టు తన రక్షణ కోసం తయారుచేసుకునే రసాయనాలు. ఫ్లేవనాయిడ్ల తయారీకి తాళం తీసేది కూడా ఆ మిబ్ కుటుంబమే. ఉప్పు, ఎండ, పురుగు, ఏ కష్టం ఎంత వచ్చిందన్నదాన్ని బట్టి సరుకు మారిపోతుంది. మంచినీళ్లు పోసి నర్సరీలో పెంచిన మొక్క ఆకు, ఉప్పుటేటి చెట్టు ఆకు పక్కపక్కన పెడితే చూడ్డానికి ఒకటే. లోపలి సరుకు ఒకటే అనుకోవడం కుదరదు. ‘మడాకు మందు’ అంటూ పొడులు అమ్మేవాళ్లకు ఈ తేడా పట్టదు, అది వేరే కథ.

అందుకే ఎన్నూరులో మిగిలిన చెట్లు నాకు ముఖ్యం. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, వేడినీళ్లు, ఇసుక మేట వేసిన ఏటి ముఖద్వారం, వీటన్నిటి మధ్యా అవి బతికాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో పాటు చమురు తేలి వచ్చి మడలకు పట్టింది. తెల్ల మడ బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేళ్లతోనే తన వేళ్లకు గాలి అందిస్తుంది. వాటికి చమురు పూత పడితే ఊపిరాడదు. ఇంత తట్టుకున్న చెట్ల గింజలు పక్కనే ఉండగా, వెల్లారు, కొల్లిడం మంచినీళ్లు కలిసే పిచ్చావరం లాంటి దూరపు మడ అడవి నుంచి తెచ్చి నాటాల్సిన పనేముంది? జాతి ఒకటే కావచ్చు, అలవాటు పడ్డ నీళ్లు వేరు.

నేను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. నాటే ప్రతి మడికీ గింజ ఎక్కడిది, ఆ రోజు నీటిలో ఉప్పు ఎంత అన్నది ఒక రిజిస్టరులో రాయించండి. ఉప్పు కొలిచే చిన్న మీటరు గార్డు జేబులో పడుతుంది. ఒక్క తెల్ల మడతోనే సరిపెట్టకుండా తిల్ల, ఉప్పు పొన్న, నీలిపూల అకాంథస్ కూడా వాటికి తగిన చోట్ల ఉంచండి. ముఖద్వారం పూడిక తీయించే పని మీ శాఖది కాకపోతే, సంబంధిత శాఖ వెంట పడండి. ఆటుపోటు ఆగిపోతే పై లెక్కలన్నీ వృథా.

ఇంకొక మాట. రేపు ఈ ఆకుల నుంచి ఎవరైనా మందు తీస్తే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం లాభంలో స్థానికులకు వాటా రావాలి. ఏ ఆకు దేనికి కడతారో ఎన్నూరు మత్స్యకారులను అడిగి, జీవవైవిధ్య రిజిస్టరులో వాళ్ల ఊరి పేరుతో ఇప్పుడే ఎక్కించండి. కంపెనీ వచ్చాక రాయబోతే ఆలస్యమైపోతుంది.

వచ్చే విడత నాట్లకు గింజలు ఏరేముందు జవాబిస్తారని ఆశిస్తూ,

ఇట్లు
చెన్నైలోని ఒక వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు