మందు కలిపే చేతుల లెక్క ఏ రిజిస్టరులో ఉంది?

సంపాదకుల వారికి,

నమస్కారం. పత్తి చేలల్లో మందు కొట్టే రోజులు వచ్చాయి. మా నర్సంపేట వైపు ఏ ఊళ్లో చూసినా పొద్దున్నే మగవాళ్ల వీపున పంపు, ఆడవాళ్ల చంకన బిందె కనిపిస్తాయి. పంపు మోసేవాడికి మందు తగులుతుందని అందరికీ తెలుసు. ఈ ఉత్తరం బిందె మోసే మనిషి గురించి.

మా వదిన ముప్పై ఏళ్లు ఆ పనే చేసింది. డ్రమ్ములో నీళ్లు పోయడం, సీసా విప్పి చిక్కటి మందును మూతతో కొలిచి పోయడం, పుల్లతో కలపడం, పంపు ఖాళీ కాగానే మళ్లీ నింపడం. పుల్ల దొరకని రోజు చెయ్యే పుల్ల. సాయంత్రానికి కళ్లు మసకలు, తల తిరుగుడు, నోట్లో ఆగకుండా నీళ్లూరడం. ఎండ తగిలిందని మజ్జిగ తాగి పడుకునేది. మేమూ ఎండే అనుకున్నాం. ఎండ తగిలితే నోరు ఎండుతుంది గానీ ఊరదు కదా అని, బడిలో సామాన్యశాస్త్రం చెప్పిన నాకు కూడా తట్టలేదు.

పదవీ విరమణ తర్వాత తీరిక దొరికి రెండు పరిశోధన పత్రాలు చదివాను. రెండూ 2005లో వచ్చినవే. మొదటిది ఫ్రాన్సెస్కా మాన్చీని, ఆమె సహచరులు మన దేశంలోని మూడు పల్లెల్లో ఒక పంటకాలం పొడవునా చేసిన అధ్యయనం. మందు కొట్టిన ప్రతిసారీ తమకు, తమ ఇంటి మగవాళ్లకు ఏమైందో యాభై మంది పత్తి రైతు మహిళలే చెప్పారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతంలో ఏదో ఒక స్థాయి విష లక్షణాలున్నాయి. మందు కలపడం, పంపు నింపడం కూడా కొట్టడమంత ప్రమాదమేనని తేలింది. ఆరు శాతం సందర్భాల్లో నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరూ వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు. భూస్వాముల కన్నా చిన్న రైతులకే దెబ్బ గట్టిగా తగిలిందని కూడా అందులో ఉంది. అది చెప్పడానికి పరిశోధన అవసరం లేదనుకోండి.

రెండోది మన వరంగల్‌దే. శ్రీనివాసరావు, వెంకటేశ్వర్లు, సురేందర్‌లతో పాటు మైకేల్ ఎడిల్‌స్టన్, నికొలస్ బక్లీ కలిసి రాశారు. 1997 నుంచి 2002 వరకు ఇక్కడి ఒక్క ప్రభుత్వ ఆస్పత్రిలోనే పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది బతకలేదు. 2002లో, ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది. మా రైతులు ‘మోనో’ అని ముద్దుగా పిలిచే మోనోక్రోటోఫాస్ సంగతికొస్తే, దాని 36 శాతం ద్రావణాన్ని ఆపేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023లో. మన ఊరి ఆస్పత్రి కాగితాలు దాని పేరు చెప్పి అప్పటికి 21 ఏళ్లు.

ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 2002లో ఆస్పత్రికి వచ్చినవారిలో 96 శాతం మంది ప్రాణం తీసుకోవాలని మందు తాగినవారే. వారి గోడు వేరు, అదీ పెద్దదే. కానీ చర్మం మీదుగా, ఊపిరితో పాటు రోజూ కాస్త కాస్త తాగుతున్నవారు ఆ రిజిస్టరులో దాదాపు లేరు. మా వదిన ఏ లెక్కలోనూ లేదు. ఇప్పుడు ఆ బిందె కోడలి చంకన ఉంది.

చేతి తొడుగులు వేసుకోండి, ముఖానికి గుడ్డ కట్టుకోండి అని ఏటా సలహాలు వస్తూనే ఉన్నాయి. వానలు ఆగిన ఉక్కలో, పత్తి చేనులో, రబ్బరు తొడుగులతో ఒక పూట గడిపి ఆ సలహా ఇవ్వమనండి.

నేను అడిగేది అంతకన్నా చిన్నది. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టంలో 26వ సెక్షన్ ఉంది. పురుగుమందు వాడుతున్నప్పుడు, పట్టుకుని పనిచేస్తున్నప్పుడు ఎవరికైనా విషం సోకితే, ఫలానా అధికారికి తెలపాలని రాష్ట్ర ప్రభుత్వం ఎవరినైనా ఆదేశించవచ్చు. తాగినవారి కోసం కాదు, అచ్చంగా మా వదిన లాంటివారి కోసం రాసిన సెక్షన్ అది. మా ఊరి పల్లె దవాఖానాలో దాని జాడ నాకు కనబడలేదు. జులై నుంచి అక్టోబరు దాకా అక్కడి ఓపీ పుస్తకంలో ఒక్క గడి పెంచితే చాలు: ఇవాళో నిన్నో మందు కలిపారా, సీసా మీద పేరేమిటి? మోనో లాంటి ఆర్గానోఫాస్ఫేటు రకం మందులు ఒంట్లోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పని చేయనివ్వవు. రక్త పరీక్షలో అది పట్టుబడుతుంది. అనుమానం ఉన్నవారికైనా ఆ పరీక్ష చేయించాలి.

ఆ ఆదేశం ఈ పంటకాలంలోనే వస్తే, మొదటి లెక్కను సంక్రాంతికి మీ పత్రికలోనే అచ్చు వేయవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నర్సంపేట, వరంగల్ జిల్లా