షుగర్ ఉన్న పిల్లల స్కూలు బ్యాగులో డైట్ డబ్బా పెట్టకండి

సంపాదకుల వారికి,

టైప్ 1 మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక రోజూ సూదితో వేసుకోవలసిన షుగర్) ఉన్న పిల్లల కోసమని డైట్ కూల్‌డ్రింకు డబ్బాలు కొని పెట్టుకునే ఇళ్ళు ఇటు పర్లాకిమిడిలోనూ, ఏరు దాటితే పాతపట్నంలోనూ కనిపిస్తున్నాయి. పండక్కో పెళ్ళికో సరదాగా తాగితే గొడవ లేదు. కానీ షుగర్ పడిపోయినప్పుడు కూడా చేతికందిన ఆ డబ్బానే పట్టిస్తున్నారు. మా భయమల్లా అదే.

డైట్ అనీ, జీరో అనీ రాసి ఉన్న డబ్బాలో పంచదార ఉండదు. తీపి కోసం అస్పర్టేమ్ లాంటివి కలుపుతారు. నాలుకకు తియ్యగానే ఉంటుంది గానీ రక్తంలో గ్లూకోజు పెరగదు. షుగర్ పరీక్షించే మీటరు 70 కంటే తక్కువ చూపిస్తూ, చెమటలు పట్టి చేతులు వణుకుతున్న పిల్లకు అది పట్టించడమూ, మంచినీళ్ళు పట్టించడమూ ఒకటే. తియ్యటిది తాగించాం కదా, సర్దుకుంటుందిలే అని ఇంట్లోవాళ్ళు పావుగంట కూర్చుంటారు. ఆ పావుగంటలోనే మాట తడబడి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

అప్పుడు కావలసింది అచ్చమైన గ్లూకోజు పొడి. అది లేకపోతే వంటింట్లోని పంచదార. లెక్క బరువును బట్టి: కిలోకు 0.3 గ్రాములు. 15 కిలోల పిల్లకు సుమారు 5 గ్రాములు, అంటే నిండా తీసిన ఒక టీ చెంచా. 30 కిలోలుంటే రెండు చెంచాలు, 50 కిలోలుంటే మూడు. అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగించి, గడియారం చూసుకుని 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించాలి. ఇంకా 70 దాటకపోతే అంతే మోతాదు మళ్ళీ ఇవ్వాలి. దాటితే, అన్నం వేళకు ఇంకా టైముంటే, ఒక ఇడ్లీయో రెండు బిస్కెట్లో పెట్టాలి. పరీక్షకు ముందు వేలు నీళ్ళతో కడిగి తుడవడం మరిచిపోకండి. వేలికి పంచదార నీళ్ళు అంటుకుని ఉంటే, రక్తంలో లేని షుగర్‌ని కూడా మీటరు చూపిస్తుంది. పిల్ల స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

మామూలు కోలా కూడా పనికొస్తుంది. 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల పంచదార ఉంటుంది కాబట్టి 50 కిలోల పిల్లాడికి 150 మిల్లీలీటర్లు చాలు. అయితే ఇప్పుడు కొన్ని మామూలు డ్రింకుల్లోనూ పంచదార తగ్గించారు, సీసా వెనక అంకె చదవాలి. చాక్లెట్టూ పాలూ వద్దు, వాటిలోని కొవ్వు వల్ల పంచదార రక్తంలోకి నిదానంగా చేరుతుంది. ఓఆర్ఎస్ మీద కూడా ఆధారపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, అంటే ఒక గ్లాసుకు మూడు గ్రాములు కూడా రాదు. అది విరేచనాలకు మందు, దీనికి కాదు. మన ఉద్దానం కొబ్బరి బొండాం సంగతీ అంతే. ఎండలో మంచిదే, కానీ షుగర్ పడిపోయినప్పుడు దాని తీపి చాలదు.

దీనికి ఎదురు పొరపాటు పెళ్ళి పందిట్లో జరుగుతుంది. గ్లాసులో పోసి ఇచ్చింది డైటో మామూలుదో చూసి చెప్పలేం. మామూలుదనుకుని దానికి సరిపడా ఇన్సులిన్ వేసేస్తే, అది డైట్ అయిన పక్షంలో గంటలోపే షుగర్ జారిపోతుంది. డైట్ అనుకుని సూది వెయ్యకపోతే 300 దాటినా దాటవచ్చు. అందుకే మూత మన కళ్ళెదుట తీయించుకోవాలి. అనుమానముంటే రెండు చుక్కలు వేళ్ళ మధ్య రాసి ఆరనివ్వండి. పంచదార ఉన్నది జిగటగా అంటుకుంటుంది, లేనిది అంటుకోదు. నీళ్ళ టబ్బులో వేసిన డబ్బాల్లోనూ సాధారణంగా డైట్‌ది తేలుతుంది, పంచదార బరువుకు మామూలుది మునుగుతుంది. ఇవి తోవ చూపే గుర్తులే, తీర్పు మాత్రం లేబులుదే. 'పంచదార కలపలేదు' అన్న పళ్ళరసాన్ని డైట్ డ్రింకు అనుకోవద్దు, పండులోని చక్కెర అందులోనే ఉంటుంది.

ఇక డైట్ డ్రింకు రోజూ తాగవచ్చా? వద్దనే మా మాట. మన దేశంలో అస్పర్టేమ్ కలిపిన డబ్బాల మీద పిల్లలకు దీన్ని సిఫారసు చెయ్యడం లేదని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల అస్పర్టేమ్ దాటకూడదన్న పరిమితిని 2023లో నిపుణులు మళ్ళీ ఖాయం చేశారు. ఒక డబ్బాలో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండవచ్చు. పెద్దవాళ్ళకు అది లెక్కలోకి రాదు గానీ 20 కిలోల పిల్లకు మూడు డబ్బాలతోనే పరిమితి దగ్గరపడుతుంది. పుల్లదనం పళ్ళ ఎనామిల్‌ను తింటుంది, కోలాల్లో కెఫీన్ అదనం. దాహానికి మంచినీళ్ళు, పల్చటి ఉప్పు మజ్జిగ ఉన్నాయి, డబ్బు దండగ కూడా తప్పుతుంది. ఏది తాగినా తాగకపోయినా ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు.

గజపతి, రాయగడ జిల్లాల్లో చాలామంది మన పిల్లలు ఒడియా మీడియం బడుల్లో చదువుతున్నారు. బ్యాగు ముందు జేబులో గ్లూకోజు పొట్లాలు మూడు పెట్టి, వాటితో ఒక చీటీ పిన్ను చెయ్యండి. తెలుగులో ఒకవైపు, ఒడియాలో రెండోవైపు ఇలా రాయించండి: "నాకు టైప్ 1 షుగర్ ఉంది. చెమట పట్టినా, వణికినా, తికమకగా మాట్లాడినా ఈ పొట్లం నీళ్ళలో కలిపి తాగించండి. డైట్ డ్రింకు ఇవ్వకండి. నన్ను ఒంటరిగా ఇంటికి పంపకండి." కింద ఇంటి ఫోను నంబరు. ఒక్కో పొట్లంలో ఎన్ని చెంచాలు ఉండాలో పైన చెప్పిన బరువు లెక్కే. వానాకాలంలో పొడి చెమ్మగిల్లి గడ్డకడుతుంది, నెలకోసారి మార్చండి.

— పిల్లలకు ఇన్సులిన్ వాడకం నేర్పే నర్సులం కొందరం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా