విషయం: మీరు నాలుగుసార్లు మూసేసిన నా ఫిర్యాదు, ఐదోసారి

కస్టమర్ సపోర్ట్ పెద్దలకు,

ఈ ఉత్తరాన్ని చాట్‌బాట్‌ చేతికి ఇవ్వకండి. దానితో ఇప్పటికే చాలాసేపు మాట్లాడాను. మీ మనుషుల కన్నా అదే నయం, కనీసం మధ్యలో ఫోన్ పెట్టేయదు.

గొడవ చిన్నదే. మీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త అప్‌డేట్ వేసుకున్నాక, పాత డీవీ (డిజిటల్ వీడియో) క్యాసెట్ల నుంచి ఎక్కించిన క్లిప్పులకు ఫీల్డ్ ఆర్డర్ తారుమారవుతోంది. ఆ వీడియోలో ఒక్కో ఫ్రేము, గీత విడిచి గీతగా, రెండు సగాలుగా ఉంటుంది; ఒక్కో సగం ఒక ఫీల్డ్, ఏది ముందు రావాలన్నదే ఫీల్డ్ ఆర్డర్. డీవీలో కింది ఫీల్డ్ ముందు రావాలి. మీ సాఫ్ట్‌వేర్ పై ఫీల్డ్‌ని ముందు చూపిస్తోంది. నేను సరిచేసి పెడితే, ఎక్స్‌పోర్ట్‌లో మళ్లీ మొదటికొస్తోంది. తెరమీద పరిగెత్తే మా అమ్మాయి ముందుకో అడుగు, వెనక్కో అర అడుగు వేస్తూ వణికిపోతోంది.

మొదటిసారి ఫోన్ చేసి "ఫీల్డ్ ఆర్డర్ మారిపోతోందండీ" అన్నాను. "ఆర్డర్ నంబర్ చెప్పండి సార్" అన్నారు. ఇది ఆ ఆర్డర్ కాదు బాబూ, వీడియో గీతలు ముందేవి, వెనకేవి అనే వరస అని చెప్పాను. కాసేపు సంగీతం వినిపించారు. తిరిగొచ్చి, "ఆర్డర్ నంబర్ లేకపోతే రీఫండ్ కుదరదు సార్" అన్నారు. రీఫండ్ ఎవరడిగారు?

రెండో ఆయన క్యాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) తుడిచేయమన్నాడు, తుడిచాను. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు, చేశాను. మూడో ఆవిడ గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చమంది. మార్చాక వణుకు అలాగే ఉంది, ప్రింటర్ మాత్రం పనిచేయడం మానేసింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో గానీ, నా కోపానికి మాత్రం ఉంది.

నాలుగో ఆయన తెలిసినవాడిలా మాట్లాడితే ఆశ పుట్టింది. డీఇంటర్లేస్ (ఫీల్డుల్ని పూర్తి ఫ్రేములుగా మార్చడం) టిక్ పెట్టి సెకనుకు 25 ఫ్రేములకు తెచ్చుకోమన్నాడు. సెకనుకు 50 ఫీల్డుల్లో పట్టిన కదలికలో సగం పారేసుకోవాలట! పోనీ ఒక్కో ఫీల్డ్‌నీ ఒక్కో ఫ్రేముగా చేసి 50 ఫ్రేములుగా విడదీద్దామంటే, వరస తప్పినప్పుడు అక్కడా అదే వణుకు. ఆ మాటే అంటే, "ఇకపై ప్రోగ్రెసివ్‌లో షూట్ చేయండి సార్, ఈ టెన్షన్ ఉండదు" అన్నాడు, అంటే ఫీల్డుల గొడవ లేకుండా ఫ్రేము మొత్తం ఒకేసారి పట్టే పద్ధతిలో. అయ్యా, ఆ క్యాసెట్‌లో మా అమ్మాయికి నాలుగేళ్లు. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మళ్లీ అలా పరిగెత్తమని అడగమంటారా?

గంటలో మెయిల్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

తొమ్మిదేళ్లుగా సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాను. ఒక్క నెల ఆలస్యం చేయలేదు. పదిమందికి మీ సాఫ్ట్‌వేరే కొనమని చెప్పాను. వాళ్లకిప్పుడు ఏం చెప్పాలో మీరే చెప్పండి.

ఫీల్డ్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరు నాకు ఫోన్ చేయాలి. బగ్ ఎప్పుడు సరిచేస్తారో చెప్పాలి, లేదా పాత వెర్షన్ తిరిగివ్వాలి. ఈసారి కూడా "పరిష్కరించబడింది" అని వస్తే, నాలుగు టికెట్లూ ప్రింట్ తీసుకుని వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. ముందు ప్రింటర్ బాగుచేయించుకోవాలి, అదొక్కటే ఆలస్యం.

ఇట్లు,
ఆర్డర్ నంబర్ లేని మీ పాత కస్టమర్