శోధనల మధ్య పవిత్రత: నా కుమారునికి

ప్రియమైన నాయనకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున నీకు కృపయు సమాధానమును కలుగును గాక.

నీ ఉత్తరం అందింది. ప్రార్థన ముగించి లేచిన కాసేపటికే మనసు మళ్ళీ అపవిత్రమైన తలంపుల వైపు పోతోందనీ, ఇలాంటి స్థితిలో, రొట్టె, పాత్ర పుచ్చుకునే ప్రభువు బల్లలో చెయ్యి వేయడానికి తగుదునా అనీ అడిగావు. ఇటువంటి సంగతి కన్నతండ్రికి రాయడం ఏ కుమారునికీ తేలిక కాదు. నీవు దాచుకోకుండా అడిగినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాను. నేను కూడా దాచకుండా జవాబు రాస్తున్నాను.

శోధన కలగడమే పాపమని నీవు అనుకుంటున్నట్టు నాకు తోచింది. అది సరి కాదు. మన ప్రభువు సైతం "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4:15 చెబుతోంది. దురాశ గర్భము ధరించి పాపమును కంటుందని యాకోబు రాశాడు. అంటే ఆ తలంపు పుట్టడానికీ అది పాపమై బయటపడడానికీ మధ్య కొంత వ్యవధి ఉంది. పవిత్రత కోసం మనిషి చేసే పోరాటమంతా ఆ వ్యవధిలోనే జరుగుతుంది. నీవు మెలకువగా ఉండవలసిన చోటు అదే.

ఇశ్రాయేలు రాజైన దావీదు సంగతి నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు గాని, సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయాన్ని ఈసారి నిదానంగా చదువు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో అతడు సేనాధిపతి యోవాబును పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. సాయంకాలం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతుండగా స్నానం చేస్తున్న బత్షెబ అనే స్త్రీ కంటపడింది. అంతవరకూ జరిగినదాన్ని అనుకోకుండా జరిగిందనవచ్చు. ఆ తరువాత ఆమె ఎవరో తెలుసుకొమ్మని మనిషిని పంపింది మాత్రం అతడే. ఆమె ఏలీయాము కుమార్తె అనీ, ఊరియా భార్య అనీ జవాబు వచ్చింది. ఊరియా దావీదు పరాక్రమశాలుల జాబితాలో పేరున్న వీరుడు. రాజు కోసం ఆ సమయంలో యుద్ధభూమిలో ఉన్నాడు. ఆ పేరు చెవిన పడిన క్షణమే దేవుడు అతనికి తెరిచిన తలుపు అని నేను నమ్ముతాను. అక్కడ ఆగిపోయి ఉంటే ఆ వ్యభిచారం గాని, దాన్ని దాచడానికి ఊరియాను చంపించిన ఘోరం గాని జరిగేవి కావు. అయినా అతడు మళ్ళీ మనుషులను పంపి ఆమెను రప్పించాడు. చూడడానికీ రప్పించడానికీ మధ్య ఆగిపోగలిగిన అవకాశాలు ఇన్ని ఉన్నాయని గమనించు.

నీ దినచర్యలో ఆ మిద్దె ఏదో నీకు తెలుసు. పని ముగించుకుని అలసిపోయి, గదిలో ఒంటరిగా, దీపం ఆర్పిన తరువాత పడక మీద ఫోన్ పట్టుకున్నప్పుడు బొటనవేలు దానంతట అదే తెరను పైకి జరుపుతుంది. వెతకని దృశ్యం ఒకటి ఎదురుపడుతుంది. వేలు అక్కడ ఆగుతుంది. ఏ వీడియో దగ్గర ఎంతసేపు నిలిచావో ఆ యాప్ లెక్కపెట్టుకుని, అలాంటిదే మరొకటి నీ ముందుకు తెస్తుంది. అందుచేత నీవు తిరిగి చూసిన ఆ రెండవ చూపు రేపటి శోధనను ఈ రోజే పిలిచి కూర్చోబెడుతుంది. రాత్రివేళ ఫోన్‌ను పడకగది బయట ఛార్జింగ్‌కు పెట్టి, పొద్దున లేవడానికి ఒక మామూలు అలారం గడియారం కొనుక్కో. ఇది మరీ చిన్న విషయమనిపించవచ్చు గాని, అలసిన మనిషికి అర్ధరాత్రి తీసుకునే గొప్ప తీర్మానాల కంటే, సాయంత్రం తెలివితో చేసుకున్న చిన్న ఏర్పాటే ఎక్కువ అండగా ఉంటుంది.

యోసేపు చేసినది కూడా ఇదే. ఐగుప్తులో అతని యజమానుడైన పోతీఫరు భార్య ప్రతిదినము మాటలాడుచుండినా అతడు ఆమె దగ్గర ఉండడానికి సైతం ఒప్పుకోలేదని ఆదికాండము 39:10 చెబుతోంది. వస్త్రం ఆమె చేతిలో విడిచి పారిపోయిన రోజు ఆ తరువాతే వచ్చింది. ఆమె మోపిన అబద్ధపు నింద వల్ల, ఆ పవిత్రతకు అతనికి వెంటనే దక్కినది చెరసాల. చెరసాల నుంచి బయటికి వచ్చి ఐగుప్తు రాజైన ఫరో ఎదుట నిలిచేనాటికి అతనికి 30 ఏళ్ళు. పవిత్రంగా ఉన్నందుకు వెంటనే మేలు కనిపించకపోతే నీవు నిరాశపడకూడదని ఇది రాస్తున్నాను.

మరొక మాట. తెర మీద కనిపించే ఆ స్త్రీ కూడా దేవుని స్వరూపంలో సృజింపబడినదే. యౌవన స్త్రీలను అక్కచెల్లెండ్రుగా, పూర్ణ పవిత్రతతో ఎంచమని పౌలు తిమోతికి రాశాడు. నీతో పనిచేసే స్త్రీలతో మర్యాదగా, నిర్మలంగా మాట్లాడడం నీకు అలవాటైనకొద్దీ, ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే తలంపులు కూడా లోబడతాయి. డబ్బు విషయంలో, కోపంలో, అబద్ధపు లెక్కలలో వచ్చే శోధనలకు కూడా ఇదే మెలకువ కావాలి. వాటి గురించి మరోసారి రాస్తాను.

ఇన్ని చేసినా పాత తలంపులు పూర్తిగా పోవని నీవు భయపడుతున్నావు. తొలి శతాబ్దాల సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీన్ 386లో ఇటలీలోని మిలాను నగరంలోని ఒక తోటలో రోమా పత్రిక 13వ అధ్యాయపు మాటలు చదివి, పాత జీవితాన్ని విడిచి ప్రభువు వైపు తిరిగాడు; మరుసటి సంవత్సరం ఆ నగర బిషప్పు అంబ్రోజు చేత బాప్తిస్మం పొందాడు. ఎన్నో ఏళ్ళ తరువాత, బిషప్పుగా ఉన్న కాలంలో కూడా, పాత రూపాలు తనకు నిద్రలో కనిపిస్తూనే ఉన్నాయని అతడు దాచకుండా రాసుకున్నాడు. అంతటివాడికే అలా ఉంటే నీకు తలంపులు రావడంలో వింత లేదు. అవి వచ్చినప్పుడు నీవు ఎవరి దగ్గరకు వెళ్తున్నావన్నదే ముఖ్యం. అపవిత్రాత్మ విడిచిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చబడి ఉన్నా మరి ఏడు ఆత్మలు వచ్చి చేరాయని ప్రభువు చెప్పాడు కదా. ఊరికే ఖాళీ చేసుకున్న మనసు నిలవదు. దానిని వాక్యంతో, కీర్తనలతో, ఎవరికైనా సహాయపడే పనితో నింపుకోవాలి.

ఇక బల్ల గురించి నీవు అడిగిన ప్రశ్న. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11:28లో "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అని ఉంది. పరీక్షించుకుని దూరంగా ఉండిపొమ్మని అక్కడ లేదు. పాపాన్ని విడిచిపెట్టే ఉద్దేశమే లేకుండా బల్ల దగ్గరకు రావడం భయంకరం. నీవు ఏడుస్తూ అడుగుతున్నావు, నీ స్థితి అది కాదు. పడిపోయిన రోజున సిగ్గుతో వారమంతా ప్రార్థన మానుకోవద్దు. అదే గంటలో మోకరించి 51వ కీర్తన చదువు. మన పాపములను మనము ఒప్పుకొనినయెడల ఆయన క్షమించడమే గాక పవిత్రులనుగా కూడా చేస్తాడని యోహాను రాశాడు. ఆ రెండింటినీ అడుగు.

యౌవనేచ్ఛలనుండి పారిపొమ్మన్న వచనంలోనే, పవిత్ర హృదయులై ప్రార్థించేవారితో కూడ నీతిని వెంటాడమని పౌలు చెప్పాడు. నీవు ఒంటరిగా పారిపోవడానికి చూస్తున్నావు. మీ సంఘంలో నోరు జారని, నీ కంటే పెద్దవాడైన ఒక సహోదరుని చూసుకుని, వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక ఆయనను పక్కకు పిలిచి, నాకు రాసినదంతా ఆయనకు చెప్పు. వారానికోసారి నిన్ను సూటిగా అడగమని ఆయనను కోరు. ఎవరిని ఎంచుకున్నావో నాకు తెలియజేస్తే, మీ అమ్మా నేనూ చేసుకునే కుటుంబ ప్రార్థనలో నీ పేరుతో పాటు ఆయన పేరు కూడా పెట్టుకుంటాము.

ప్రభువునందు,
నీ తండ్రి