‘నార్మల్’ పక్కన అంకె కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

వాతావరణ వార్తల్లో ‘వర్షపాతం నార్మల్’, ‘ఉష్ణోగ్రతలు నార్మల్’ అని తరచూ చదువుతుంటాం. జ్వరం తగ్గినా, కోత లేకుండా కాన్పు జరిగినా, గొడవలు సద్దుమణిగినా మనం వాడేది ఈ ఇంగ్లీషు విశేషణమే కాబట్టి, ఆ మాట కనబడగానే ఇక భయం లేదనుకుంటాం. దీని మూలమైన లాటిన్ పదానికి వడ్రంగులు లంబకోణం సరిచూసుకునే మూలమట్టం అని అర్థం. గణితంలో లంబరేఖను నేటికీ నార్మల్ అనే అంటారు. వాతావరణ శాఖ లెక్కలో మాత్రం నార్మల్ అంటే అనేక ఏళ్ల సగటు, అంతే. అది మేలనీ చెప్పదు, కీడనీ చెప్పదు.

పైగా ఆ శాఖలోనే ఈ మాటకు రెండు కొలతలున్నాయి. దేశం మొత్తానికి నైరుతి రుతుపవనాల సగటు 87 సెంటీమీటర్లు (1971–2020 లెక్క ప్రకారం). అందులో 96 నుంచి 104 శాతం వరకు కురిస్తేనే నార్మల్. అదే జిల్లాకు వచ్చేసరికి సగటు కంటే 19 శాతం తక్కువ పడినా, 19 శాతం ఎక్కువ పడినా నార్మలే. అంటే వానలో దాదాపు ఐదో వంతు కోతపడిన జిల్లా కూడా పత్రికలో నార్మల్‌గానే కనిపిస్తుంది. వాన ఎప్పుడు పడిందన్నది ఈ మాటలో అసలే తెలియదు. జూలైలో చినుకు లేక నారు ముదిరిపోయి, సెప్టెంబరులో ఒక్క అల్పపీడనంతో లోటు పూడినా సీజను లెక్క సరిపోతుంది. మా విశాఖ దగ్గరి పద్మనాభం, ఆనందపురం వైపు వానను నమ్ముకుని వరి వేసే రైతుకు ఆ లెక్కతో ఒరిగేదేమీ లేదు.

ఎండల సంగతి మరీ ముఖ్యం. తీరప్రాంతంలో వడగాలులుగా పరిగణించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలకు చేరి, నార్మల్ కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. మే నెల విశాఖలో 34 డిగ్రీలు విశేషమేమీ కాదు గానీ, సముద్రపు తేమ తోడైతే పూర్ణామార్కెట్లో బస్తాలు మోసే కళాసీ చొక్కా పొద్దున పది గంటలకే పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, వడదెబ్బకు అదే దారి. ఆ రోజు ‘ఉష్ణోగ్రత నార్మల్’ అన్న వార్త అతణ్ని గానీ, అతని చేత పని చేయించే యజమానిని గానీ అప్రమత్తం చేయదు.

వాతావరణ శాఖ తన రోజువారీ నివేదికల్లో నార్మల్‌కు ఎంత తేడా ఉందో అంకెల్లోనే ఇస్తోంది. ఆ అంకెను వదిలేయకుండా ‘సగటు కంటే 15 శాతం తక్కువ’ అన్న తీరులో అచ్చువేయాలనీ, వేసవిలో ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ శాతం కూడా ఇవ్వాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.